స్పాం వడపోత: తెలుగు సందేశాల కోణం

అడగకుండా గంపగుత్తగా వచ్చిపడే సందేశాలను కావలసిన సందేశాల నుంచి వేరుచేసి ఆపడమే స్పాం వడపోత. ఈమెయిల్‌తో మొదలైన ఈ పని ఎస్సెమ్మెస్‌కు, ఫోన్ కాల్‌కు, వాట్సాప్‌కు పాకింది. ఇందుకు వాడే పనిముట్లలో చాలా ముఖ్యమైనవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా పుట్టాయి. పదిమంది కలిసి రాశారు, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ వాటిని తయారుచేసినవాళ్ల ముందు ఉన్నవి దాదాపుగా ఆంగ్ల ఉత్తరాలే. తెలుగు సందేశం దగ్గరికి వచ్చేసరికి అవి రెండు రకాలుగా తడబడతాయి: మంచిదాన్ని ఆపుతాయి, చెడ్డదాన్ని వదులుతాయి.

నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం సంగతే చూద్దాం. ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు పండించే ఊళ్లలాగే ఇక్కడా సంక్రాంతి తర్వాత పసుపు తవ్వకం ఊపందుకుంటుంది. ఉడికించి, ఆరబెట్టి, కొమ్మును నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలేది ఎండాకాలం ముదిరేలోపే. 2016 ఏప్రిల్ 14న మొదలైన జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్ (ఇ-నామ్) తొలి విడత 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ఇదే నగరం కేంద్రంగా ప్రారంభమైంది. అమ్మకం జరిగాక ధర, ఖాతాలో జమ, బ్యాంకు ఓటీపీ అన్నీ ఫోన్‌కే వస్తాయి. ఆ వరుసలోనే పూచీకత్తు లేని లోను, దుబాయ్‌కి ఆజాద్ వీసా (ఏ యజమాని దగ్గరైనా పనిచేసుకోవచ్చనే వీసా), పీఎం కిసాన్ కేవైసీ ఆగిపోయిందంటూ ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఒక ఏపీకే ఫైలు కూడా వస్తాయి. మొదటి రకం రాకపోతే రైతుకు నష్టం. రెండో రకాన్ని నమ్మి తెరిస్తే ఖాతానే ఖాళీ అవుతుంది. ఎంత చెత్తను ఆపాం అన్న లెక్కతోనే వడపోతను మెచ్చుకోవడం అలవాటైపోయింది. ఆపకూడనిదాన్ని ఎన్నిసార్లు ఆపింది అన్నదాన్నే ముందు అడగాలి. ఆ ప్రశ్న వేసినప్పుడే తెలుగు సమస్య కంటికి కనబడుతుంది.

పూర్వరంగం

1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ ఇంటర్నెట్‌కు ముందరి వలయమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. తొలి స్పాంగా దీన్నే చెబుతారు. ఇది నిజంగా వ్యాపార పద్ధతిగా మారింది మాత్రం 1994లో. ఆ ఏడాది ఏప్రిల్ 12న అమెరికాలోని అరిజోనాకు చెందిన క్యాంటర్, సీగెల్ అనే వలస చట్టాల న్యాయవాద దంపతులు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను యూజ్‌నెట్‌లోని వేలాది చర్చాబృందాల్లోకి గుమ్మరించారు.

అప్పటికి యూజ్‌నెట్ ప్రవాస తెలుగువారికి కొత్త చోటు కాదు. సాహిత్యం మీద, సినిమాల మీద, కులం మీద, వంటల మీద వాదించుకునే సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు బృందం 1990ల్లో అక్కడే నడిచింది. తెలుగు లిపి తెరమీద సులువుగా కనబడని రోజులవి. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థుల చేతిలో రూపుదిద్దుకున్న ఆర్టీఎస్ పద్ధతిలో తెలుగును రోమన్ అక్షరాల్లో రాసేవారు. కాపలా లేని ఆ చోటులోకి ప్రకటనలు, గొలుసు ఉత్తరాలు వచ్చిపడుతుంటే ఓపిక నశించినవారు సభ్యులకే ప్రవేశం ఉన్న గుంపుల వైపు మళ్లారు. యూజ్‌నెట్ పొడుగునా ఇదే జరిగింది. వడపోత లేకపోవడం వల్ల పోయింది ఎవరికీ సొంతం కాని, అందరికీ తెరిచి ఉన్న ఒక మాట్లాడుకునే చోటు. దాన్ని చిన్న నష్టంగా తీసిపారేయలేం.

పనిచేసే తీరు

మొదటి మెట్టు ఎవరు పంపారన్నది. స్పాం పంపే యంత్రాల చిరునామాలను నల్లజాబితాగా పెట్టి అందరికీ అందుబాటులో ఉంచే పద్ధతిని పాల్ విక్సీ బృందం 1997 ప్రాంతంలో మొదలుపెట్టింది. 1998లో వచ్చిన స్పామ్‌హౌస్ ఇప్పటికీ ఆ పనిలో ముందుంది. 2003లో ఇవాన్ హ్యారిస్ ప్రతిపాదించిన గ్రేలిస్టింగ్ మరో ఉపాయం. ముక్కూమొహం తెలియని యంత్రం నుంచి ఉత్తరం వస్తే, కాసేపాగి మళ్లీ పంపమంటుంది. సక్రమంగా నడిచే యంత్రం మళ్లీ పంపుతుంది. లక్షల ఉత్తరాలు విసిరేసి పోయే యంత్రం సాధారణంగా వెనక్కి రాదు.

రెండో మెట్టు పంపినవారి పేరు నిజమేనా అన్నది. ఒక సంస్థ తరఫున ఏ యంత్రాలు ఉత్తరాలు పంపవచ్చో ఎస్పీఎఫ్ చెబుతుంది. ఉత్తరం దారిలో మారలేదని డీకిమ్ సంతకం చెబుతుంది. రెండూ తప్పితే ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన పేరుతో వచ్చే ఉత్తరాల్లో ఈ పరీక్ష నెగ్గనివాటిని తిప్పికొట్టమని ప్రకటించినప్పుడు, ఒకరు రాసినదాన్ని గుంపంతటికీ తిరిగి పంపే వ్యవస్థలు ప్రపంచమంతటా కుదేలయ్యాయి. వాటిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పథకాలు చాలా ఉన్నాయి. ఉత్తరం గుంపు ద్వారా వెళ్లేటప్పుడు శీర్షిక ముందు గుంపు పేరు, చివర ఒక పాదసూచిక చేరతాయి, దాంతో సంతకం చెల్లకుండా పోతుంది. మోసం ఏమీ లేదు, అయినా పరీక్షలో తప్పింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ గంపగుత్తగా ఉత్తరాలు పంపేవారికి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటినీ తప్పనిసరి చేశాయి.

మూడో మెట్టు ఉత్తరం లోపలి సరుకు. జస్టిన్ మేసన్ 2001లో విడుదల చేసిన స్పామ్‌అసాసిన్ ఈ దారిలో మైలురాయి. తర్వాత అది అపాచీ సంస్థ గొడుగు కిందికి వచ్చింది. ఏ ఒక్క లక్షణాన్ని చూసీ అది తీర్పు చెప్పదు. శీర్షికంతా పెద్దక్షరాలా, లంకె ఎక్కడికి పోతోంది, పంపిన యంత్రం నల్లజాబితాలో ఉందా అని వందల నియమాలతో పరీక్షించి ఒక్కోదానికి మార్కులు వేస్తుంది. కొన్నింటికి రుణ మార్కులూ ఉంటాయి. మొత్తం 5 చేరితే స్పాం. ఆ గీతను ఎవరి అవసరాన్ని బట్టి వారు జరుపుకోవచ్చు.

2002 ఆగస్టులో పాల్ గ్రాహం రాసిన ఒక వ్యాసంతో బేయస్ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. 1998లోనే మెహ్రాన్ సహామీ, ఆయన సహచరులు దీని మీద పరిశోధన పత్రం వెలువరించారు. నియమాలు మనిషి రాయనక్కరలేదు. ఇవి స్పాం, ఇవి మంచివి అని చూపిస్తూ పోతే, ఏ మాట ఏ గుట్టలో ఎన్నిసార్లు వచ్చిందో యంత్రమే లెక్కగట్టి కొత్త ఉత్తరం ఎటు చెందుతుందో అంచనా వేస్తుంది. స్పామ్‌అసాసిన్‌లోని బేయస్ భాగం మామూలు అమరికలో కనీసం 200 స్పాం, 200 మంచి ఉత్తరాలు చూస్తేగానీ నోరు విప్పదు. ఆ నాలుగు వందలు ఏ భాషవన్నదే అసలు ప్రశ్న.

తెలుగు దగ్గర తేడా ఎక్కడ వస్తుంది

బేయస్ లెక్కకు మాటే కొలమానం. ఆంగ్లంలో అప్పుకు వాడే మాట ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకే రూపంలో ఉంటుంది. తెలుగులో రుణం, రుణాన్ని, రుణానికి, రుణాలు, రుణాలకు, రుణంతో, రుణమైనా అని విడిపోతుంది. లోన్, లోను, లోన్లు, లోనుకి, లోన్‌కు అని మరో పాయ. చూసేవాడికి ఇవన్నీ ఒకటే, యంత్రానికి దేనికదే కొత్త మాట. పదిసార్లు కనబడాల్సిన సాక్ష్యం పది రూపాల మధ్య ఒక్కోసారిగా పంచబడి, ఏదీ తీర్పు చెప్పేంత బలం పుంజుకోదు. ఆంగ్లానికి సరిపోయిన నాలుగు వందల ఉత్తరాలు తెలుగుకు చాలనిది ఇందుకే.

మాటకు బదులు మూడేసి, నాలుగేసి అక్షర సంకేతాల ముక్కలను లెక్కించడం దీనికి తెలిసిన మందు. అప్పుడు 'రుణ' అన్న మొదలు అన్ని రూపాల్లోనూ దొరుకుతుంది. అయితే అదే ముక్క రుణమాఫీలో కూడా ఉంది. తెలంగాణలో 2024 జులై 18 నుంచి ఆగస్టు 15 వరకు మూడు విడతల్లో పంట రుణమాఫీ అమలైంది. ఆ నెల రోజుల్లో రైతులు ఎదురుచూసిన మాట అదే. లోను ఆశచూపే సందేశాలతో మాత్రమే నేర్చుకున్న వడపోత సరిగ్గా ఈ కబురును అనుమానిస్తుంది. కాబట్టి ముక్కల పద్ధతి వాడేవారు తెలుగులో మంచి సందేశాలను, అందులోనూ పల్లె వ్యవహారాలవాటిని, విరివిగా చూపించి తీరాలి. చెత్త దొరకడం తేలిక. మంచి సందేశాలు మాత్రం మనుషుల సొంత ఉత్తరాలు. వాటిని పోగుచేసి పదిమందికీ ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. తెలుగు వడపోతకు అడ్డుపడుతున్న ప్రధాన లోటు ఇదే. దీన్ని ఏ ప్రోగ్రామూ ఒంటరిగా తీర్చలేదు.

లిపి వైపు నుంచి వచ్చే చిక్కులు వేరు. యూనికోడ్‌లో 'పసుపు' అన్న మాట ప, స, ఉకారం, ప, ఉకారం అని ఐదు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 15. పాత ఈమెయిల్ దారుల్లో సురక్షితంగా పోవడానికి దాన్ని కోటెడ్-ప్రింటబుల్‌గా మారిస్తే 45 గుర్తులు, బేస్64గా మారిస్తే 20 గుర్తులు అవుతుంది. మామూలు ఆంగ్ల వాక్యాన్ని బేస్64లో చుట్టి పంపితే ఏదో దాస్తున్నారని అనుమానించడం సబబే. తెలుగు ఉత్తరానికి అది రోజువారీ దుస్తు. చుట్ట విప్పి లోపలి వాక్యాన్ని చూడని వడపోతకు రెండూ ఒకేలా కనబడతాయి.

మరింత సూక్ష్మమైనది కంటికి కనబడని ఒక గుర్తు. 'ఫోన్‌లో' అని రాసినప్పుడు న్ పొల్లు తర్వాత లో విడిగా నిలబడాలంటే మధ్యలో వెడల్పు లేని ఒక విడదీత గుర్తు పెట్టాలి. అది లేకపోతే 'ఫోన్లో' అని ఒత్తుగా మారుతుంది. కీబోర్డు మీద తెలుగు రాసేవారు సాఫ్ట్‌వేర్‌లో, వాట్సాప్‌కు, ఆర్మూర్‌లో అంటూ రోజూ దీన్ని వాడుతూనే ఉంటారు. స్పాం పంపేవారికి ఇదే గుర్తు ఆయుధం. ఆంగ్ల మాటల మధ్యలో దాన్ని దూర్చి, కంటికి మాట మాటలాగే కనబడుతుండగా యంత్రానికి మాత్రం ముక్కలయ్యేట్టు చేస్తారు. వెడల్పు లేని గుర్తులున్న ఉత్తరానికల్లా మార్కులు వేసే నియమం ఆంగ్లంలో మంచి ఫలితమిస్తుంది. తెలుగులో అది సరైన వర్ణక్రమానికే శిక్ష వేస్తుంది. పొల్లు తర్వాత వచ్చిన గుర్తును వదిలేసి, లాటిన్ అక్షరాల మధ్య వచ్చినదాన్నే పట్టుకోవాలి. సరిదిద్దడానికి ఒక్క వరుస చాలు, కానీ తెలుగు రాసేవారెవరో ఒకరు ఆ నియమాన్ని చూసి చెబితేనే ఆ వరుస పడుతుంది.

రోమన్ అక్షరాల్లో రాసే తెలుగు ఇంకో లోకం. 'కావాలా' అన్న చిన్న ప్రశ్నలో మూడు దీర్ఘాలున్నాయి. ఒక్కోదాన్ని ఒక 'ఎ'తో రాసేవారున్నారు, రెండు 'ఎ'లతో రాసేవారున్నారు. అంటే ఒకే మాటకు ఎనిమిది రూపాలు. నాలుగు మాటల వాక్యానికి ఎన్ని తీర్లవుతాయో పాఠకులు ఊహించగలరు. ఆర్టీఎస్ కాలంలో దీర్ఘానికి ఒక కట్టుబాటు ఉండేది. ఫోన్‌ల కాలంలో అది సడలిపోయింది. పైగా వాక్యంలో సగం ఆంగ్లం. తెలుగు, ఆంగ్లం కలగలిసిన రాతలో ద్వేషపూరిత మాటలను పసిగట్టే పోటీని ద్రావిడ భాషల సాంకేతిక పరిశోధకులు 2024లో నిర్వహించారు. స్పాంకూ అలాంటి అందరికీ అందుబాటులో ఉండే నమూనాల గుట్ట కావాలి.

ఎస్సెమ్మెస్: నమూనా తప్పితే దారి మూత

పల్లెల్లో ఈమెయిల్ కన్నా ఎస్సెమ్మెస్సే ముఖ్యం. ఒక ఎస్సెమ్మెస్‌లో ఆంగ్లమైతే 160 అక్షరాలు పడతాయి, తెలుగు లిపి అయితే 70 సంకేతాలే. పొడవు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. అందుకే నిజమైన సంస్థలు సైతం ఆంగ్లానికో రోమన్ తెలుగుకో మొగ్గుతుంటాయి, చదివే రైతుకు అసలుకీ నకిలీకీ తేడా పట్టడం అంతమేర కష్టమవుతుంది.

దేశంలో అవాంఛిత వ్యాపార సందేశాలపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007లో, 2010లో నిబంధనలు తెచ్చింది. 2018 జులైలో తెచ్చినవి పద్ధతినే మార్చాయి. గంపగుత్తగా పంపే ప్రతి సంస్థా నమోదు కావాలి. పంపేవారి పేరుగా కనబడే హెడర్‌ను, సందేశపు నమూనాను ముందే టెలికాం సంస్థలు నడిపే నమోదు వ్యవస్థ అయిన డీఎల్‌టీ వేదికలో దాఖలు చేయాలి. ఓటీపీ, మొత్తం, తేదీ లాంటి మారే భాగాలకు ఖాళీలు వదలాలి. పంపిన సందేశం నమూనాతో సరిపోతేనే ముందుకు పోతుంది. ఇక్కడ అంచనా, మార్కులు ఏమీ లేవు, సరిపోయిందా లేదా అన్నదొక్కటే.

ఈ పద్ధతి అంచును దేశం 2021 మార్చి 8న చూసింది. ఆ రోజు నుంచి నమూనాతో సరిపోల్చడం గట్టిగా అమలుచేయగానే నమోదు పూర్తికాని సంస్థల సందేశాలు ఆగిపోయాయి. బ్యాంకు ఓటీపీలు, కొవిడ్ టీకా నమోదుకు కావలసిన కొవిన్ ఓటీపీలు కూడా ఆ దెబ్బ తిన్నాయి. మర్నాడే ట్రాయ్ ఈ అమలును వారం రోజులు ఆపింది. మంచి సందేశాన్ని ఆపితే ఏమవుతుందన్నదానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ మన దగ్గర లేదు. టీకా కోసం అరవై దాటినవారు వరుస కట్టిన రోజులవి.

తర్వాత చేసిన మార్పులు మెరుగ్గా ఉన్నాయి. 2024 అక్టోబరు 1 నుంచి ముందుగా నమోదు చేయని లంకెలు, ఏపీకే ఫైళ్లకు దారితీసే లంకెలు ఉన్న వ్యాపార సందేశాలను ఆపుతున్నారు. 2025 ఫిబ్రవరి సవరణతో హెడర్ చివర ఒక అక్షరం చేరింది. 'పి' అంటే ప్రచారం, 'ఎస్' అంటే సేవ, 'టి' అంటే లావాదేవీ, 'జి' అంటే ప్రభుత్వం. చదువు అంతగా లేనివారికీ నేర్పగలిగిన గుర్తు ఇది. సబ్సిడీ గురించిన సందేశం పది అంకెల నంబరు నుంచి వస్తే నమ్మనక్కరలేదు. ఎయిర్‌టెల్ 2024 సెప్టెంబరులో కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు స్పాం హెచ్చరిక మొదలుపెట్టి, 2025 ఏప్రిల్‌లో ఆ హెచ్చరికను తెలుగుతో సహా పది భారతీయ భాషల్లో చూపించసాగింది.

వాట్సాప్: లోపలికి చూడలేని చోటు

వాట్సాప్ 2016 నుంచి పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మరెవరికీ చదవడానికి వీల్లేని రహస్య లిపిలో నడుస్తోంది. కాబట్టి పైన చెప్పిన మాటల లెక్క దారిలో ఎక్కడా పనికిరాదు. మిగిలింది వేగాన్ని కట్టడి చేయడం. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు తీశాయి. నిజామాబాద్ జిల్లాలోనూ ఒక మనిషి బలయ్యాడు. ఆ జులైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి ముందుకు పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు చేతులు మారినవాటికి ఆ సంఖ్యను ఒకటికి తగ్గించింది.

అదే 2018లో జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి, డప్పు కళాకారులతో పాటలు పాడించి, ఫోన్‌లో వచ్చిందల్లా నిజం కాదని చెప్పించారు. యంత్రం లోపలికి చూడలేని చోట చదివేవారే వడపోత కావాలన్న ఆలోచన అది. ఆ పని మనుషుల భాషలో, వాళ్లకు అలవాటైన గొంతుతో జరిగింది.

ఫిర్యాదు చేసేవారు

ఏ పద్ధతిలోనైనా చివరికి నేర్పేది మనుషులే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్వహణ వ్యవస్థను తయారుచేసే డెబియన్ పథకం తన పాత ఉత్తరాల భాండాగారంలో ప్రతి ఉత్తరం దగ్గరా ఇది స్పాం అని చెప్పే మీట పెట్టింది. అలా వచ్చిన ఫిర్యాదులను మళ్లీ మనుషులే చూసి తీర్పు చెబుతారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఇంతే. ప్రచార లంకెలను ఆపే నల్లజాబితా, అనుమానాస్పద మార్పులను పట్టే దుశ్చర్యల వడపోత ఉన్నా, ఇటీవలి మార్పుల పేజీని రోజూ తిరగేసే కొద్దిమంది లేకపోతే వ్యాసాల్లో ప్రకటనలు నిండిపోతాయి. జీతం లేని ఆ కాపలా పనికి మన పత్రికలు ఇచ్చిన గుర్తింపు చాలా తక్కువ.

ఫోన్ వాడేవారికి ఇందులో ఉన్న వాటా స్పష్టం. వచ్చిన సందేశాన్ని చెరిపేయకుండా, పంపిన నంబరు లేదా హెడర్, తేదీ జోడించి 1909కి పంపితే ఫిర్యాదు అవుతుంది. ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లోనూ చేయవచ్చు. 2025 సవరణతో గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది. నమోదు కాని వ్యాపారి మీద చర్యకు మునుపు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు కావలసివచ్చేది. ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. అంటే ఒకే ఊరిలో ఒకే లోను సందేశం అందుకున్న ఐదుగురు ఫిర్యాదు చేసినా ఆ నంబరు మీద చర్యకు దారి తెరుచుకుంటుంది. మోసపు ప్రయత్నాలను కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీలోని చక్షు విభాగంలో చెప్పవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. తెలంగాణలో ఈ కేసుల కోసం 2023లో రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఏర్పడింది.

గల్ఫ్ ఉద్యోగాల సందేశాలకు ఇంకో పరీక్ష ఉంది. 1983 వలస చట్టం ప్రకారం విదేశీ పనులకు మనుషులను చేర్చుకునే ఏజెంటు నమోదై ఉండాలి. ఆ పేర్ల జాబితా ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. సందేశంలో చెప్పిన ఏజెంటు పేరు అందులో లేకపోతే పాస్‌పోర్టు నకలు కూడా పంపకూడదు.